అరిగితే అడగరు, ఊడితే వదలరు

చి. చిట్టికి, మామయ్య ఆశీస్సులు.

చర్లపల్లిలో షెడ్డు అద్దెకు తీసుకుని పీయూ (పాలీయూరిథేన్, రబ్బరులాంటి ప్లాస్టిక్) రోలర్ల పని పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకు భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ఓవెన్, వ్యాక్యూమ్ పంపు, లేత్ గురించి నీకు చెప్పక్కర్లేదు. ప్రీపాలిమర్ (పీయూ తయారయ్యే చిక్కటి ద్రవం) డ్రమ్మును ముందు రాత్రే 60–70 డిగ్రీల్లో పెట్టుకో. గాలి తీసే డబ్బాలో మూడో వంతుకు మించి పోయకు, పొంగి పంపులోకి పోతుంది. మిగిలినదాని మీద పొడి నైట్రోజన్ వదిలి మూత బిగించు. మన వానాకాలంలో డ్రమ్ము తెరిచి ఉంచితే తేమ తాగుతుంది. అందులోని ఐసోసయనేట్‌కు నీళ్ళు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, లేత్ మీద చెక్కేటప్పుడు ఆ బుడగలన్నీ బయటపడతాయి.

కొలత మాత్రం కంఠతా పట్టకు. 90 షోర్ ఏ గట్టిదనమున్న సరుకంటే, నూరు పాళ్ళ ప్రీపాలిమర్‌కు పన్నెండున్నర మోకా (దాన్ని గట్టిపరిచే రసాయనం) అని అందరూ అంటారు. ప్రతి డ్రమ్ముతోనూ వచ్చే సర్టిఫికెట్లో ఎన్‌సీఓ (ఐసోసయనేట్) శాతం ఉంటుంది, లెక్క దాన్నిబట్టే కట్టాలి. ఎన్‌సీఓను 133.5తో గుణించి 42తో భాగించు, అందులో 95 శాతం తీసుకో. 4.1 ఉంటే పది కిలోలకు 1.24 కిలోల మోకా. అదే గ్రేడు ఇంకో డ్రమ్ములో 4.3 ఉంటే 1.30 కిలోలు. అరవై గ్రాములే కదా అనుకోకు. మోకా తగ్గితే చిరుగుడుకు ఓర్చుకోదు, ఎక్కువైతే బరువు కింద అణిగింది మళ్ళీ లేవదు. పోశాక గంటలోనే గట్టిపడినట్టుంటుంది. తొందరపడి డై విప్పితే జున్నుముక్కలా విరుగుతుంది. విప్పాక 100 డిగ్రీల్లో పదహారు గంటలు ఉంచాల్సిందే. ఆ తర్వాత కూడా వారం ఆగకుండా పూర్తి లోడు మీద పెట్టనివ్వకు.

ఇక అసలు సంగతి. పీయూ అరిగిందని గొడవకొచ్చినవాళ్ళు తక్కువ. ఊడిందనే వస్తారు. మా షెడ్డులో ఒకసారి ఎనిమిది రోలర్లు మూడు వారాల్లో అంచుల నుంచి లేచిపోయాయి. ముందు ప్రీపాలిమర్‌ను అనుమానించాం. తర్వాత మోకాను, ఆ తర్వాత ఓవెన్ థర్మోస్టాట్‌ను. మంచి సరుకు రెండు డ్రమ్ములు వెనక్కి పంపేశాం. ఊడిన ముక్కను తిప్పి చూసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. ప్రైమర్ (పీయూ అతుక్కోవడానికి ఇనుముకు పూసే పూత) అంతా ఇనుము మీదే ఉంది, పీయూ వైపు అద్దంలా నున్నగా ఉంది.

ముక్కను ఎలా చదవాలో నేర్చుకో. ఇనుము తెల్లగా బయటపడి ప్రైమర్ పీయూతో లేచొస్తే తప్పు బ్లాస్టింగ్‌లోనో (గాలితో గ్రిట్ కొట్టి ఇనుమును గరుకు చెయ్యడం), నూనె మరకలోనో ఉంది. ప్రైమర్ ఇనుము మీదే ఉండి పీయూ నున్నగా వస్తే, ప్రైమర్ వేశాక దాని మీద ఏదో పడింది, లేదా అతిగా కాలింది, లేదా కోర్ (రోలర్ లోపలి ఇనుప భాగం) చల్లగా ఉండగా పోశారు. పీయూయే చీలి రెండు వైపులా మిగిలితే అతుకు బాగున్నట్టు. అప్పుడు చూడాల్సింది లోడు.

మా దగ్గర పడింది సిలికాన్. పీయూ అంటుకోకుండా డైలకు కొట్టే రిలీజ్ స్ప్రే. అదే బేలో, నాలుగు గజాల దూరంలో, ప్రైమర్ పూసిన కోర్లు స్టాండుకు వేలాడుతూ ఆరుతున్నాయి. పైన సీలింగ్ ఫ్యాను. ఆ తుంపర కంటికి కనపడదు, వేలికి తగలదు. అందుకని చెబుతున్నా, బ్లాస్టింగ్, ప్రైమర్ ఒక గదిలో, డై పని ఇంకో గదిలో, మధ్య తలుపు. రిలీజ్‌ను స్ప్రే చెయ్యొద్దు, బ్రష్షుతో పూయించు. డై పట్టుకున్న గ్లౌజులతో కోర్‌ను ముట్టుకోనివ్వకు.

మిగతాది క్రమం ప్రకారమే. ముందు గ్రీజు కడగాలి, తర్వాతే బ్లాస్టింగ్. కడగకుండా కొడితే గ్రీజును ఇనుములోకి దిగ్గొట్టినట్టే. గుండ్రటి షాట్ పనికిరాదు, కోసుగా ఉండే గ్రిట్ కావాలి, 50–75 మైక్రాన్ల గరుకు రావాలి. కంప్రెసర్ గాలిని తెల్లకాగితం మీదికి వదిలి చూడు. మరక పడితే ఆ రోజు బ్లాస్టింగ్ లేదు. కొట్టిన పూటే ప్రైమర్ పడాలి, పల్చగా రెండు కోట్లు. కోర్ 100 డిగ్రీల్లో ఉండగానే పొయ్యాలి. ప్రతి బ్యాచ్‌కూ ఒక ఇనుప బద్ద మీద 25 మి.మీ. వెడల్పు పట్టీ పోసి, మర్నాడు పటకారుతో లాగి చూడు. పట్టీ చిరగాలి, లేవకూడదు.

రీలైనింగ్‌కొచ్చిన (కొత్త పీయూ పోయడానికొచ్చిన) పాత రోలర్ల పీయూను గ్యాస్ మంటతో కాల్చేవాళ్ళున్నారు. నీ షెడ్డులో ఎవడైనా అలా చేస్తే ఆ పూటే పంపించెయ్. ఆ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. లేత్ మీద చెక్కించు.

మోకా గురించి మెల్లగా చెబుదామనుకున్నాను, నా వల్ల కావట్లేదు. క్యాన్సర్ పరిశోధనకున్న అంతర్జాతీయ సంస్థ దాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేల్చినవాటి సరసన. మూత్రాశయానికి ముప్పు. ముక్కుతోనే కాదు, చర్మంలోంచీ దిగుతుంది. 115–120 డిగ్రీల్లో కరిగించు, 140 దాటనివ్వకు. కరిగించే గిన్నె మీద పొగ లాగే హుడ్ లేకుండా స్విచ్ వెయ్యకు. చిరిగిన గ్లౌజు వద్దు, షెడ్డులో టీ వద్దు, పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళి పాప బట్టలతో ఉతకొద్దు. అందరికీ మూత్ర పరీక్ష చేయించు, ముందు నీకు. తల్లీ, కుదిరితే మోకా బదులు ఇథాక్యూర్ 300తో మొదలుపెట్టు. మామూలు వేడిలోనే ద్రవంగా ఉంటుంది, కరిగించే పొగ బెడద తప్పుతుంది. చర్మానికి తగలకుండా గ్లౌజులు దానికీ కావాలి. లెక్కలో 133.5 బదులు 107 వేసుకో.

ఆర్డరు తీసుకునే ముందు రెండు ప్రశ్నలడుగు: తడా, వేడా? నీళ్ళుంటే ఈథర్ రకం ప్రీపాలిమర్, నూనెలో పనైతే ఎస్టర్. ఎస్టర్‌ను తడిలో పెడితే మెల్లగా కుళ్ళుతుంది. నల్గొండ సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లైనర్లడుగుతారు. సున్నపురాయి జారే చూట్‌కైతే ఒప్పుకో, బట్టీలోంచి వచ్చే వేడి క్లింకర్‌కైతే వద్దను. 80 డిగ్రీలు దాటి నిలకడగా వేడి తగిలితే పీయూ మెత్తబడుతుంది. వేగంగా తిరిగే చక్రాలు ఇంకో రకం. బయట చల్లగా ఉంటూనే లోపల వేడి పుట్టి కరిగిపోతాయి. వేగం, బరువు రెండూ రాయించుకోకుండా రేటు చెప్పకు.

షెడ్డు ప్లాను గీసి ఫోటో పంపు. బ్లాస్టింగ్ గది తలుపు ఎటో, ఫ్యాన్లు ఎక్కడో గుర్తు పెట్టు. అడ్వాన్సు ఇచ్చేలోపే పంపు, సరేనా?

మామయ్య