ఒకే ఎత్తు దూకినా నాలుగో స్థానమా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి 15 ఏళ్ళు. ఈమధ్య ఒక జూనియర్ మీట్‌లో హైజంప్ 1.55 మీటర్లు దూకింది. మూడో బహుమతి వచ్చిన అమ్మాయి కూడా అంతే దూకింది. మా పిల్లకి మాత్రం నాలుగో స్థానం ఇచ్చారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఇది అన్యాయం కాదా? దాని ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చుట్టాలంతా "పొట్టిది, ఈ ఆటకి పనికిరాదు" అంటున్నారు. అంతర్జాతీయ జూనియర్ పోటీల దాకా వెళ్ళాలని దాని ఆశ. ప్రోత్సహించమంటారా? స్కోర్‌షీట్ ఫొటో పంపుతున్నాను.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అన్యాయం జరగలేదమ్మా. మీరు పంపిన షీట్‌లోనే జవాబు ఉంది. సున్నా అంటే దాటినట్టు, ఇంటూ గుర్తు అంటే బార్ పడేసినట్టు. ఇద్దరూ 1.55ని రెండో ప్రయత్నంలో దాటారు. అక్కడ సమానం కాబట్టి, మొదటి నుంచి ఆ ఎత్తు దాకా ఎవరికి ఎన్ని ఇంటూలు ఉన్నాయో లెక్కపెడతారు. ఆ అమ్మాయికి ఒక్కటే. మీ అమ్మాయికి మూడు, ఎందుకంటే 1.50 దగ్గర రెండుసార్లు పడేసి మూడోసారి దాటింది. ఆ తర్వాత 1.60 దగ్గర పడేసినవి ఈ లెక్కలోకి రావు. అంటే పతకం పోయింది 1.55 దగ్గర కాదు, అంతకు ముందు తేలిక అనుకున్న 1.50 దగ్గర.

పెద్ద పోటీల్లోనూ ఇంతే. 2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రష్యా జంపర్ మరియా లసిత్స్కేనే, ఉక్రెయిన్ అమ్మాయి యరోస్లావా మహుచిఖ్ ఇద్దరూ 2.04 దాటారు. లసిత్స్కేనే మొదటి ప్రయత్నంలో, మహుచిఖ్ మూడోదాంట్లో. స్వర్ణం లసిత్స్కేనేది. మహుచిఖ్‌కి అప్పుడే 18 నిండాయి. ఆ 2.04 అండర్-20 ప్రపంచ రికార్డు! రికార్డు కొట్టి కూడా రజతంతో సరిపెట్టుకుంది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో 2.10 దూకి, 1987 నుంచీ కదలని 2.09 ప్రపంచ రికార్డును దాటింది. ఈ సంగతి మీ పిల్లకి తప్పకుండా చెప్పండి.

ఇక ఎత్తు మాట. పొడుగు ఉంటే లాభమే, కాదనను. కానీ ఇటలీకి చెందిన ఆంటొనియెట్టా డి మార్టినో ఎత్తు 1.69 మీటర్లు, అంటే సుమారు అయిదడుగుల ఆరున్నర అంగుళాలు. ఆమె 2011లో ఇండోర్‌లో 2.04 దూకింది. తన తలకంటే 35 సెంటీమీటర్లు పైకి! మీ అమ్మాయికి ఆమెకి తేడా రెండున్నర అంగుళాలు. "పొట్టిది" అనే మాట ఆ పిల్ల చెవిన పడనివ్వకండి. నాకు చాలా కోపం తెప్పించే మాట అది.

అంతర్జాతీయ స్థాయి అంటారా? ప్రపంచ అండర్-20 పోటీల్లో 2014లో అమెరికాలోని యూజీన్‌లో బ్రిటన్ అమ్మాయి మోర్గన్ లేక్ 1.93తో గెలిచింది. 2022లో కొలంబియాలోని కాలి నగరంలో ఎస్టోనియా అమ్మాయి కార్మెన్ బ్రూస్ 1.95తో గెలిచింది. 2025 మే నాటికి మన దేశంలో సీనియర్ల రికార్డే 1.92. సహనా కుమారి దాన్ని 2012లో మన హైదరాబాద్‌లోనే దూకింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో హర్యానాకు చెందిన 18 ఏళ్ళ పూజ 1.89 దూకి స్వర్ణం తెచ్చింది. అంటే దూరం ఉంది, కానీ అందనంత కాదు.

పూజ చిన్నప్పుడు వెదురు కర్రని బార్‌గా పెట్టుకుని, ఊక నింపిన బస్తాల మీద పడుతూ నేర్చుకుందని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. నేనూ మెచ్చుకుంటాను. కానీ అది చదివి ఎవరూ తమ పిల్లల చేత అలా చేయించకూడదు. ఫ్లాప్‌లో, అంటే బార్ మీదుగా వెల్లకిలా దూకే పద్ధతిలో, వీపు, మెడ ముందు కిందకి వస్తాయి. మందమైన ఫోమ్ మ్యాట్ లేకుండా, ఇసుకలో గానీ బస్తాల మీద గానీ ఫ్లాప్ వద్దే వద్దు. నేను పీఈటీగా ఉన్నన్నాళ్ళూ ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు. మ్యాట్ దొరకని రోజుల్లో ఇసుకలో సిజర్స్ (కత్తెరలా ఒక కాలి తర్వాత ఇంకో కాలు బార్ దాటించే పద్ధతి) దూకించండి, కాళ్ళ మీద దిగుతుంది. వంపు తిరిగే రన్-అప్‌ని బార్ లేకుండా ఉత్త నేల మీద ప్రాక్టీస్ చేయించండి. సగం హైజంప్ ఆ పరుగులోనే ఉంది.

ఇంకో మాట. 15 ఏళ్ళకే హైజంప్ ఒక్కదానికే కట్టేయకండి. మోర్గన్ లేక్ యూజీన్‌లో హెప్టాథ్లాన్ కూడా గెలిచింది. మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని కూడా గుమిలో హెప్టాథ్లాన్ స్వర్ణం సాధించింది. అందులోని ఏడు అంశాల్లో హైజంప్ ఒకటి. హర్డిల్స్, లాంగ్‌జంప్ కూడా చేయనివ్వండి.

ముందు మాత్రం 1.50 సంగతి చూడాలి. ప్రాక్టీస్‌లో దాన్ని వామప్ లాగా దూకేస్తోందేమో కోచ్‌ని అడగండి. ఆ ఎత్తుకీ పోటీలో లాగానే నిమిషం టైమ్ పెట్టి, ఒక్క ప్రయత్నమే ఇవ్వమనండి. రన్-అప్ మొదలుపెట్టే చోటు టేపుతో కొలిచి రాసుకుంటోందా, అడుగులు అంచనాగా వేస్తోందా అన్నది కూడా కనుక్కోండి. ఆ కొలత, ఏ కాలి మీద లేస్తుందో రాసి, పక్కనుంచి తీసిన వీడియో పంపితే చూసి చెబుతాను.