చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ సూచించిన సెన్సార్‌ను మార్చవలసిందేనా?

అవసరం లేదు, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పరికరం చూపే కోడ్ ఇంజిన్ కంప్యూటర్ గమనించిన లక్షణాన్ని తెలుపుతుందే తప్ప, చెడిపోయిన భాగాన్ని నేరుగా పట్టిచూపదు. సెన్సార్లు పంపే విలువలు తప్ప ఆ కంప్యూటర్‌కు మరో ఆధారం లేదు కనుక, ఏ విలువ హద్దు దాటిందో చెప్పగలదు గానీ ఎందుకు దాటిందో చాలాసార్లు చెప్పలేదు.

ఉదాహరణకు, తిరుపతి నుంచి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కబోయే పెట్రోలు కారులో పీ0171 కోడ్ వచ్చిందనుకుందాం. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి గాలి వాటా పెరిగిందని దాని అర్థం. ఈ సంగతిని కనిపెట్టింది పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సారే కాబట్టి చాలామంది దానినే మార్పిస్తారు. నిజానికి అది తన పని తాను సరిగ్గా చేసి ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సార్ దాటాక ఏదైనా రబ్బరు గొట్టం చీలితే, లెక్కకు అందని గాలి లోపలికి చేరుతుంది. ఐడ్లింగ్‌లో (కారు నిలిచి ఉండగా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఎక్కువగా ఉన్న ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును పెంచి, తగ్గించి చేసే సవరణ, 2500 ఆర్‌పీఎం (నిమిషానికి 2500 చుట్లు) దగ్గర మామూలుకు దిగితే ఈ లీకునే ముందుగా అనుమానించాలి. ఇంజిన్ ఆపి, చల్లారాక గొట్టాన్ని వేళ్లతో వంచితే, వంపు దగ్గర వెంట్రుకంత చీలిక తెరుచుకోవచ్చు.

కోడ్ చెరిపేస్తే మరమ్మతు అయినట్టేననుకోవడం మరో అపోహ. లోపం ఉంటే లైటు మళ్లీ వెలుగుతుంది. అయితే లైటు ఆరుతూ వెలుగుతుంటే అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడానికి సూచన, కాలని పెట్రోలు పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక కొండ ఎక్కక కారును ఆపివేయాలి.