తిరుపతి దగ్గర బైపోలార్ సపోర్ట్ గ్రూప్ కావాలంటే ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న చదివాను. తమ్ముడికి 26 ఏళ్ళు, ఆర్నెల్ల కిందట బైపోలార్ (మితిమీరిన హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) అని తేల్చారు, మాత్రలు వేసుకుంటున్నాడు గానీ గదిలోంచి బయటికి రావడం లేదు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇలాంటివాళ్ళు కలిసి మాట్లాడుకునే సపోర్ట్ గ్రూప్ ఉందా, ఉంటే వాణ్ణి ఎలా ఒప్పించి తీసుకెళ్ళాలి అని అడిగారు.

నాకిప్పుడు 43. 2012లో నా చీటీ మీద కూడా ఇదే పేరు రాశారు. కాబట్టి పేషెంటు వైపు నుంచి చెప్తున్నాను, ఏమనుకోకండి. మొదట మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళొద్దు. మీరొక్కరే వెళ్ళండి. మీక్కావలసిన గ్రూపు వేరు, అతనికి కావలసింది వేరు. ఇది అర్థం కావడానికి మాకు చాలా రోజులు పట్టింది.

ముందు నా సంగతి కొంచెం. తిరుపతిలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి. ఆ ఏడు మే నెలలో నాకు నిద్రతో పని లేకుండా పోయింది. రెండు గంటలు పడుకుంటే చాలు, లేచేసరికి ఒంట్లో ఎక్కడలేని హుషారు. మూడు రోజుల్లో నాలుగుసార్లు అలిపిరి నుంచి కొండెక్కాను. 3,550 మెట్లు, మండే ఎండలు. దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇంకో ఊళ్ళో అయితే ‘వీడికేమైనా అయిందా’ అని ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. మన ఊళ్ళో దండం పెట్టారు. మా అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి ‘మావాడికి స్వామి మీద గురి కుదిరింది’ అని మురిసిపోయింది. ఆ వారంలోనే 60 సీలింగ్ ఫ్యాన్లు అప్పుకు తెప్పించాను. పెట్టుకోవడానికి అంగట్లో చోటు కూడా లేదు.

ఆగస్టుకల్లా షట్టర్ ఎత్తే ఓపిక పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళి దిగులు గురించే చెప్పాను, కొండెక్కిన సంగతి చెప్పలేదు. అది జబ్బని నాకు తెలిస్తే కదా చెప్పడానికి! దిగులుకు మాత్రలు రాశారు. బైపోలార్ ఉన్నవాళ్ళకు మూడ్‌ని నిలబెట్టే మందు లేకుండా అవి మాత్రమే ఇస్తే ఒక్కోసారి మనిషి మళ్ళీ మేనియాలోకి, అంటే ఆ నిద్రలేని మితిమీరిన హుషారులోకి, పోతాడు. నాకు అదే జరిగింది. అప్పుడు వేలూరు తీసుకెళ్ళారు, సీఎంసీ వాళ్ళ బాగాయం ఆసుపత్రికి.

అక్కడ పేషెంటుతో పాటు ఇంటివాళ్ళు ఒకరు ఉండాలి. ఇంటివాళ్ళను గేటు బయట నిలబెట్టకుండా వైద్యంలో కలుపుకోవడం మన దేశంలో 1950ల నుంచే ఉంది. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో టెంట్లు వేయించి మరీ కుటుంబాలను ఉంచారట. మా అమ్మకు ఇవేవీ తెలియవు, సపోర్ట్ గ్రూప్ అనే మాట కూడా ఆమె ఎప్పుడూ వినలేదు. కానీ నేను చూసిన మొదటి సపోర్ట్ గ్రూపు ఆమెదే. పొద్దున బట్టలు ఆరేసే చోట పలమనేరు నుంచి వచ్చిన ఒకామె, గుడియాత్తం నుంచి వచ్చిన ఒక అరవ ఆమె, మా అమ్మ. ఒకామె కూతురి కోసం వచ్చింది, ఇంకొకామె మొగుడి కోసం. బండి తాళం ఎక్కడ దాచాలి, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలి, మీదికొస్తే మనం గొంతు ఎంత తగ్గించాలి, ఇవీ వాళ్ళ మాటలు. పలమనేరు ఆమె మా అమ్మకు ఒకటి నేర్పింది: రాత్రిపూట తలుపు గడియ చప్పుడు లెక్కపెట్టమని. ఇప్పటికీ మా అమ్మ పడుకునే వింటూ ఉంటుంది. రెండుసార్లకు మించి నేను తలుపు తీస్తే, పొద్దున కాఫీ ఇస్తూ ‘ఎంతసేపు పడుకున్నావు నాయనా’ అంటుంది. వరసగా మూడు రాత్రులైతే డాక్టరుకు ఫోన్. నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. రెండుసార్లు నేను ఆసుపత్రిలో చేరాల్సిన పని తప్పింది దీనివల్లే.

అందుకే మిమ్మల్ని ముందు వెళ్ళమంటున్నాను. మీ తమ్ముడు నిద్రపోతున్నాడా లేదా అన్నది కనిపెట్టాల్సింది మీరు. అది ఎలాగో చెప్పగలిగేది ఇంకో అక్కో, ఇంకో అమ్మో.

తిరుపతిలో మా గ్రూపు ఓపీ బెంచీ మీద మొదలైంది. రక్తపరీక్షకు కూర్చుని ఉంటే పక్కనున్న పెద్దాయన, రిటైరైన హిందీ పండిట్, నా వైపు వంగి ‘పొద్దున మాత్ర వేసుకోకుండానే వచ్చారు కదా?’ అన్నారు. లిథియం లెవెల్‌కి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాతే రక్తం ఇవ్వాలి; లిథియం అంటే మాలో చాలామంది వాడే, మూడ్ నిలబెట్టే మందు. ఆ మాట అడిగాడంటే మనవాడే అని తెలిసిపోయింది. అలా ఇద్దరం, తర్వాత నలుగురం. ఇప్పుడు ఏడుగురం. ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద నెలకో ఆదివారం సాయంత్రం కలుస్తాం. ఒక్కోసారి ఇద్దరమే వస్తాం, టీ తాగి వెళ్ళిపోతాం. అక్కడ తిరిగే ఫ్యాన్లు రెండూ ఆ 60లోవే, చెప్పుకోవాలి కాబట్టి చెప్తున్నాను.

మొదట్లో ఇంటివాళ్ళూ మేమూ కలిసే కూర్చునేవాళ్ళం. అది పొరపాటు. ఒకరోజు ఒకమ్మ, కొడుకు పక్కనే ఉండగా, వాడు మేనియాలో నడిరోడ్డు మీద చొక్కా విప్పేసి ఏం చేశాడో చెప్పుకుంటూ ఏడ్చేసింది. ఆమె మనసు తేలికపడింది. వాడు తలెత్తకుండా నేల మీది గళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తప్పు చేసినట్టే ఉంటుంది. అప్పటినుంచి ఇంటివాళ్ళు కింద, మేం పైన.

పైన ఓదార్పులు తక్కువ. ఒకర్నొకరు గమనించుకోవడం ఎక్కువ. ఒకసారి మా పండిట్‌గారు కాఫీ గ్లాసు తీసుకుంటే సగం కాఫీ చొక్కా మీద పడింది. లిథియం వాడేవాళ్ళలో చాలామందికి చేతులు కొంచెం వణుకుతాయి, అది మాకు మామూలే. ఈ వణుకు వేరుగా ఉంది. మెట్లెక్కేటప్పుడు తూలారు కూడా. ఇంట్లోవాళ్ళు వయసనుకున్నారు. మేం అడిగితే తేలింది: మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి పది రోజులుగా ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నారు, పైగా ముందురోజు ఏకాదశి, నీళ్ళు కూడా తాగని ఉపవాసం. ఆ నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం, రెండూ లిథియాన్ని రక్తంలో పెంచేస్తాయి. మామూలుగా 0.6 నుంచి 1 మధ్య ఉండాల్సింది, ఆ సాయంత్రమే తీసుకెళ్ళి చూపిస్తే 1.5 దాటి ఉంది. అదృష్టం, కిడ్నీలకు ఏం కాలేదు. ఎండల్లో కొండెక్కే మొక్కు ఉంటే ముందు డాక్టరునడిగి ఎక్కాలని అప్పటినుంచి మాలో మేం అనుకున్నాం.

వాట్సాప్ గ్రూపు కూడా పెట్టి చూశాం, చేతులు కాల్చుకున్నాం. గుడ్ మార్నింగ్ పూలు భరించొచ్చు. ఎవరో ‘లిథియం కిడ్నీలను తినేస్తుంది, మా చూర్ణం వాడండి’ అని ఒకటి ఫార్వర్డ్ చేశారు. లిథియం వాడితే కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు మధ్యమధ్యలో చేయించుకోవాల్సిందే, ఆ మాట నిజం. కానీ మా వాడొకడు అది చదివి ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాడు. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. నెల తిరక్కుండా ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు ఆ గ్రూపులో మీటింగ్ టైము తప్ప ఇంకేం పెట్టకూడదు. ఒక్కటి మాత్రం పనికొచ్చింది: అర్ధరాత్రి రెండింటికి ఎవరైనా నలభై మెసేజ్‌లు పెట్టారంటే పొద్దున్నే ఇద్దరం వాళ్ళింటికి వెళ్తాం.

ఇక ఎక్కడ వెతకాలంటే, బోర్డు పెట్టుకుని నడిచేది మన దగ్గర దొరకడం కష్టం. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. మీరు చూపించుకునేది ఎక్కడైనా సరే, డాక్టరుకు రద్దీలో మాట్లాడే తీరిక ఉండకపోవచ్చు, నర్సునో సోషల్ వర్కర్‌నో పట్టుకుని ‘మాలాంటి కుటుంబం ఇంకొకటుంటే, వాళ్ళు ఒప్పుకుంటే, కలపండి’ అని అడగండి. ‘గ్రూప్ ఉందా’ అంటే లేదంటారు. ‘ఒక్క కుటుంబం’ అంటే ఎవరో ఒకరు గుర్తొస్తారు. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు దగ్గర. చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ 1984 నుంచి ఉంది, స్కిజోఫ్రెనియా మీద ఎక్కువ పని చేసినా ఇంటివాళ్ళు పడే పాట్లు ఒకటే. బైపోలార్‌తో బతుకుతున్నవాళ్ళే నడిపే బైపోలార్ ఇండియా అనే సమూహం కూడా ఉంది, ఇంగ్లీషు వస్తే మీ తమ్ముడికి పనికొస్తుంది. అమెరికాలో డిప్రెషన్, బైపోలార్ ఉన్నవాళ్ళ కోసం పనిచేసే డీబీఎస్ఏ అనే చికాగో సంస్థ ఆన్‌లైన్‌లో గ్రూపులు నడుపుతుంది గానీ, చికాగోలో సాయంత్రం ఏడంటే వాళ్ళ వేసవిలో మనకు తెల్లవారి ఐదున్నర. నిద్ర చెడితే మేనియా వచ్చే జబ్బుకు అలారం పెట్టుకుని లేచి సపోర్ట్ తీసుకోవడం నాకు నచ్చలేదు, మానేశాను.

ఏ గ్రూపుకైనా వెళ్ళాక మాత్రలు మానమన్నా, ఏదైనా అమ్మజూపినా, ఫొటోలు తీసి పెట్టినా రెండోసారి వెళ్ళకండి. మా దగ్గర ఒకరి డోసు ఇంకొకరు అడక్కూడదు, కులం అడక్కూడదు.

ఇంకోటి కూడా మాకు గ్రూపులోనే తెలిసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, బాగున్నప్పుడే ‘నాకు మళ్ళీ ముదిరితే ఇలా వైద్యం చేయండి, నా తరఫున ఫలానా మనిషి మాట్లాడతారు’ అని ముందే రాసి పెట్టుకోవచ్చు. నేను మా అమ్మ పేరు, మా అక్క పేరు రాశాను. మీ తమ్ముడు నిలకడగా ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని రాసుకోండి.

అమ్మా, ఒక్కటి మాత్రం గ్రూపుకు వదలొద్దు. అతను చచ్చిపోతానన్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టేస్తున్నా, వచ్చే ఆదివారం దాకా ఆగకండి. 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. పరిస్థితి చేయి దాటుతుంటే నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

మీ తమ్ముణ్ణి ఎలా ఒప్పించాలన్నారు. ఒప్పించకండి. మీరు రెండు మూడుసార్లు వెళ్ళొచ్చి, అక్కడ విన్నది ఏదో ఒకటి అన్నం తినేటప్పుడు మామూలుగా చెప్పండి, 60 ఫ్యాన్లు కొన్నవాడి కథ చెప్పినా సరే. మా దగ్గరికి ఒకబ్బాయి వాళ్ళ వదినను దింపడానికి వచ్చేవాడు. రెండు నెలలు మెట్ల మీదే కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. ఎవరూ పిలవలేదు. మూడో నెల వాన పడుతుంటే లోపలికొచ్చి, తలుపు పక్కన చెప్పులేసుకునే నిలబడ్డాడు. పండిట్‌గారు కుర్చీ ఒకటి అటు జరిపి మా మాటల్లో మేం పడిపోయాం.