తెల్లారేలోపు ఎన్ని సెకన్లు?

చలికాలం వచ్చిందంటే కృష్ణ ఒడ్డున ట్రైపాడ్లు మొలుస్తాయి, మా డెస్కు మీద ఉత్తరాలు పేరుకుంటాయి. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం తెల్లవారుజాము ఆకాశం గురించి, స్లో షట్టర్ (షట్టర్‌ని సెకన్ల తరబడి తెరిచి ఉంచి తీయడం) గురించే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను.

సార్, నా దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) డీఎస్ఎల్ఆర్, 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. నీళ్లు నున్నగా, మబ్బులు సాగినట్టు రావాలని 10 స్టాప్‌ల ఎన్డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) కొన్నాను. పున్నమి ఘాట్‌లో సూర్యోదయానికి అరగంట ముందు ఫిల్టర్ బిగించి 30 సెకన్లు పెడితే ఫొటో నల్లగా వస్తోంది. ఫిల్టర్ తీసేసి అదే 30 సెకన్లు ఉంచితే, సూర్యుడొచ్చేసరికి ఆకాశం తెల్లగా ఎగిరిపోతోంది. ఏ సెట్టింగ్ పెట్టాలి? (భవానీపురం, విజయవాడ)

మీరు ఒక్క సెట్టింగ్ అడుగుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి పైకి తొంగిచూసేదాకా మన ప్రాంతంలో పట్టేది 22, 23 నిమిషాలే, ఆ కాస్త సేపట్లో వెలుగు సుమారు వంద రెట్లు, అంటే ఆరేడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే రెట్టింపు) పెరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలకోసారి వెలుగు రెట్టింపవుతూ ఉంటే ఆరింటికి పనికొచ్చిన 30 సెకన్లు ఆరున్నరకి ఎలా పనికొస్తాయి?

అసలు ఆ మసక వెలుతుర్లో మీకు ఫిల్టరే అక్కర్లేదు. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్8 (లెన్స్ కన్నం సైజు, అంకె పెరిగితే కన్నం చిన్నది) పెట్టుకుని నిలబడితే, సూర్యోదయానికి పాతిక నిమిషాల ముందు 15 నుంచి 30 సెకన్ల షట్టర్ దానంతటదే వస్తుంది. పది నిమిషాల ముందుకి ఎఫ్11 దగ్గర సెకను, రెండు సెకన్లకు దిగుతుంది. సూర్యుడి అంచు కనబడేసరికి 1/15 దగ్గరుంటారు. మబ్బును బట్టి, మంచును బట్టి ఇవి మారతాయి కాబట్టి ప్రతి నాలుగైదు ఫొటోలకూ హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) చూసుకోండి, అది కుడి అంచుకి తగులుతుంటే షట్టర్ తగ్గించండి. షట్టర్ సాగదీయాలని ఎఫ్22కి మాత్రం వెళ్లకండి, డిఫ్రాక్షన్ (మరీ చిన్న కన్నంలో వెలుగు వంగి చెదరడం) వల్ల ఫొటో మెత్తబడిపోతుంది.

ఫిల్టర్ పని మొదలయ్యేది ఈ 1/15 దగ్గరే. 6 స్టాప్‌ల ఫిల్టర్ అయితే 64 రెట్లు, అంటే 4 సెకన్లకు పైన. మీ 10 స్టాప్‌లది వెయ్యి రెట్లు, అంటే నిమిషం దాటుతుంది, 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది), రిమోట్ కావాలి. నన్నడిగితే తెల్లవారుజాముకి 6 స్టాప్‌లదే మేలు. కొన్నారు కాబట్టి సూర్యుడు కాస్త పైకొచ్చాక మీది వాడండి. ఫోకస్ ముందే చేసుకుని, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి, బిగించాక కెమెరాకి ఏమీ కనబడదు. వ్యూఫైండర్ కన్నాన్ని కూడా మూయాలి, లేకపోతే వెనక నుంచి వెలుగు దూరి ఫొటో పాడవుతుంది. చవక ఫిల్టర్లు రంగు మార్చేస్తాయి, కాబట్టి జేపెగ్ కాదు, తర్వాత రంగు సరిచేసుకోవడానికి వీలిచ్చే రా ఫైలే తీయండి.

ఇంతకీ ఆ నెమ్మది షట్టర్ దేని కోసం? నీళ్ల కోసమా, మబ్బుల కోసమా? ముందు అది తేల్చుకోండి, సెకన్ల సంగతి దాన్నిబట్టే తేలుతుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన నీళ్లలో ఉండేవి చిన్న అలలే, అవి రెండు మూడు సెకన్లకే సర్దుకుంటాయి. వాటికోసం నిమిషం షట్టర్ దండగ. మబ్బులు సాగాలంటే అర నిమిషం నుంచి రెండు నిమిషాలు కావాలి, అదీ పైన గాలి ఉంటేనే. మబ్బులు మీవైపు వస్తున్నా, మీనుంచి దూరంగా పోతున్నా గీతలు విసనకర్రలా విచ్చుకుంటాయి, అడ్డంగా పోతుంటే మాత్రం ఉత్త మరకలా మిగులుతాయి. కదలని మబ్బులున్న రోజు పొడవాటి షట్టర్‌తో ఏ లాభమూ లేదు, హాయిగా 1/60లో తీసుకుని టిఫిన్‌కి వెళ్లండి. ఒడ్డున కట్టేసిన పడవ ఫ్రేములో ఉంటే అది ఊగి అలుక్కుపోతుంది. అలాంటప్పుడు ఐఎస్ఓ పెంచి పడవకి ఓ చిన్న షట్టర్ ఫొటో తీసి తర్వాత కలుపుకోండి, లేదా బురదలో ఆనిన పడవని ఎంచుకోండి.

ఇంకో మాట, దిశ. జూన్‌లో మనకి సూర్యుడు సరిగ్గా తూర్పుకి ఉత్తరంగా దాదాపు 24 డిగ్రీల దగ్గర ఉదయిస్తాడు, డిసెంబరులో అంతే దక్షిణానికి జరుగుతాడు. పున్నమి ఘాట్ నుంచి చూస్తే ఎండాకాలం కొండలూ ఇళ్లూ అడ్డం, చలికాలం నది వైపుకి జరిగి బ్యారేజీ దిక్కుకి దగ్గరవుతాడు. టైము కూడా అంతే, జూన్ మొదట్లో ఐదున్నర దాటగానే ఉదయించేవాడు జనవరి మధ్యలో ఆరూ నలభైకి గానీ రాడు. ఆరింటికి అలారం పెట్టుకుని జూన్‌లో వెళ్తే అంతా అయిపోయి ఉంటుంది.

మేఘాలు లేని రోజు తూర్పంతా బూడిద రంగు. నెలల తరబడి ఇదే. రంగులు ఎప్పుడొస్తాయి? (పటమట, విజయవాడ)

ఎర్రగా మండాలంటే ఎత్తులో పల్చటి మబ్బులుండాలి, దిగంతం దగ్గర మాత్రం ఖాళీగా ఉండాలి. కింది నుంచి వచ్చే కిరణాలు వాటి అడుగుభాగానికి తగిలేది సూర్యోదయానికి ముందే, సూర్యుడు కనబడ్డాక ఆ రంగు వెలిసిపోతుంది. వాయుగుండం దాటి ఆకాశం విచ్చుకుంటున్న ఉదయాలు అక్టోబరు, నవంబరుల్లో దొరుకుతాయి, వదలకండి. చలికాలపు పొగమంచులో తూర్పు బూడిద రంగులో ఉండటం మామూలే.

అప్పుడు వీపు తిప్పండి. నిజంగానే చెబుతున్నా, పడమటికి తిరగండి. నిర్మలమైన ఆకాశంలో సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు పడమటి దిగంతం మీద నీలి బూడిద రంగు పట్టీ ఒకటి కనబడుతుంది, అది భూమి నీడ. దానిపైన గులాబీ రంగు పట్టీ, దాన్ని బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. సూర్యుడు పైకొచ్చే కొద్దీ నీడ కిందికి దిగుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మన అదృష్టమేమిటంటే నిలిచిన నీళ్లు ఎగువన, అంటే పడమర వైపున ఉంటాయి. డిసెంబరు, జనవరిల్లో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కు కాస్త వాయవ్యానికి జరిగి నది ఎగువ వైపుకే పడుతుంది. నాలుగైదు సెకన్ల షట్టర్‌తో అలలు సర్దుకుంటే ఆ రెండు పట్టీలూ నీళ్లలో కూడా దిగుతాయి. అందరూ తూర్పుకి లెన్సులు గురిపెట్టి నిలబడి ఉంటారు కాబట్టి చోటుకి కూడా కొదవ ఉండదు.

అన్నా, నాకు ఫోనే ఉంది. గుంటూరులో నదీ లేదు. నేనేం తీయను? (అరండల్‌పేట, గుంటూరు)

డాబా ఉంది కదా తమ్ముడూ, ఆకాశం అందరికీ ఒకటే. ఫోన్‌తో చిక్కు ఏమిటంటే చాలా మోడళ్లలో లెన్స్ ఎఫ్1.8 దగ్గరలో బిగుసుకుని ఉంటుంది, తగ్గించలేవు. సూర్యోదయానికి పది నిమిషాల ముందే ప్రో మోడ్‌లో 1/20 కన్నా నెమ్మదిగా పెడితే తెల్లబడిపోతుంది. దారి ఏమిటంటే, ఫోన్‌ని స్టాండులో కదలకుండా పెట్టి వరసగా చాలా ఫొటోలు తీసి యాప్‌లో సగటు చేయడం. 1/20 సెకను ఫొటోలు 80 కలిపితే 4 సెకన్ల షట్టర్‌తో సమానం, నాయిస్ (ఫొటోలో గరుకు మచ్చలు) కూడా తగ్గుతుంది. ఐఫోన్ అయితే లైవ్ ఫొటో తీసి అందులో లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకో, చాలు. సెలవు రోజు చీకటితోనే బయల్దేరి బాపట్ల దగ్గర సూర్యలంకకి వెళ్లు. అక్కడ అల వెనక్కి జారేటప్పుడు అర సెకను, సెకను షట్టర్‌కి నురగ గీతలు పడతాయి. అంతకన్నా పొడుగైతే ఉత్త పొగే. ఉప్పు తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకో.

30 సెకన్ల ఫొటో అయ్యాక కెమెరా మరో 30 సెకన్లు హ్యాంగ్ అవుతోంది. రిపేరా? (మంగళగిరి)

కాదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంది. నాయిస్ తీసేయడానికి షట్టర్ మూసి అంతే సేపు మరో నల్ల ఫొటో తీస్తుంది. మెనూలో ఆపేయండి, తెల్లారే వేళ ఆ అర నిమిషం చాలా విలువైనది.

రాత్రి ఆకాశం తీస్తే చుక్కలు గీతలుగా వస్తున్నాయి. (తాడేపల్లి)

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది కాబట్టి. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, క్రాప్ సెన్సర్ అయితే మళ్లీ 1.5తో భాగించండి. 18 ఎంఎం దగ్గర సుమారు 18 సెకన్లు వస్తుంది, షట్టర్ అంతకు మించొద్దు, ఇంకా తగ్గిస్తే ఇంకా మంచిది.

బ్యారేజీ మీద తీస్తే ప్రతి ఫొటో షేక్. ట్రైపాడ్ మార్చాలా? (కృష్ణలంక, విజయవాడ)

ట్రైపాడ్ తప్పు కాదు, వంతెన మీద బండి పోయినప్పుడల్లా కింద నేల అదురుతుంది. బండ్లు లేని ఖాళీ చూసుకుని చిన్న చిన్న షట్టర్లతో తీసి కలపండి, లేదా సీతానగరం వైపు ఒడ్డుకి దిగండి. మధ్య గొట్టం పైకెత్తొద్దు, లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దే ఏర్పాటు) ఆపండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఇవన్నీ చేసినా వదులుగా వేలాడే మెడ పట్టీ గాలికి కొట్టుకుంటే షేక్ తప్పదు, ముందు దాన్ని తీసేయండి.

ఏసీ గదిలోంచి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతోంది. (మొగల్రాజపురం, విజయవాడ)

రాత్రే కెమెరా బ్యాగుని వరండాలో పెట్టి పడుకోండి. మర్చిపోతే బ్యాగు మూసే ఉంచి ఓ అరగంట ఆగండి, తుడిస్తే మళ్లీ పడుతుంది.