విండోస్ 10 షాపులో లినక్స్ వేయాలా?

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. మూడు కంప్యూటర్లూ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. పెండ్లి కార్డులు, రైస్‌మిల్లుల బిల్లుబుక్కులు అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొడతాం. దోస్త్ (డిగ్రీ ప్రవేశాలు), ఈ-పాస్ (స్కాలర్‌షిప్పులు) దరఖాస్తులు కూడా నింపుతాం. విండోస్ 11 ఎక్కదంటున్నారు. మూడింటిలోనూ లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: రెండింటిలో వేయండి, ఒకటి అట్లాగే ఉంచండి.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తోపాటు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అడ్డదారిలో ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు గానీ, అట్లాంటి సిస్టంకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. జనం ఆధార్, పాసుబుక్కు కాపీలు నమ్మి మీ చేతిలో పెడతారు. వాటిని అప్‌డేట్లు లేని సిస్టంలో పెట్టి నెట్‌కు కలపడం తప్పు.

అను, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ లినక్స్ కోసం చేసినవి కావు. పైగా అను అక్షరాలు అన్ని సిస్టంలలో ఒకేలా కనబడే యూనికోడ్ కావు. ఆ మ్యాటర్‌ను లినక్స్‌లో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే ఒక సిస్టంలో విండోస్ 10 ఉంచి, నెట్ కేబుల్ పీకేయండి. అందులో చేసిన పనిని ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో బయటికి తీయండి.

మిగతా రెండింటికి లినక్స్‌లో ఒక రకమైన మింట్ 22 వేయండి, అందులోనూ పాత సిస్టంలకు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. హార్డ్‌డిస్కు ఉంటే తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయండి. ఒక్కదానికే డబ్బుంటే ర్యామ్ కన్నా ఇదే ముఖ్యం. ర్యామ్ పెంచితే డీడీఆర్3 కొనండి, ఈ బోర్డులకు డీడీఆర్4 పట్టదు.

ఎక్కించే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మింట్ రాసి, దాంతోనే బూట్ చేసి ఒక పూట నడపండి. వైఫై, స్కానర్, దరఖాస్తు అప్‌లోడ్ అన్నీ చూడండి. దెబ్బ తగిలేది ఎక్కువగా ప్రింటర్ దగ్గరే. కేనన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌లో బాగా సతాయిస్తుంది, దాన్ని విండోస్ సిస్టంకే ఉంచండి. హెచ్‌పీ 1020 పనిచేస్తుంది గానీ, హెచ్‌పీలిప్ అనే ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌తోపాటు దాని ప్లగిన్ కూడా దించుకోవాలి. అది లేకుంటే ప్రింటర్ కనబడుతుంది, కాగితం మాత్రం రాదు.

తెలుగు టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. అందులో యాపిల్ అనే కీల అమరిక ఉంది, అనులో దానికి అలవాటుపడ్డ చేయి మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు. కొత్త కార్డులను పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6లో యూనికోడ్‌తో మొదలుపెట్టండి, పాత 1.4లో ఒత్తులు విడిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి మహబూబ్‌నగర్‌లో బీటెక్ చదువుతున్నాడు. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. ఉబుంటు అనే లినక్స్ కావాలంటున్నాడు. విండోస్ తీసేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: తీయొద్దమ్మా, డబ్బు పెట్టి కొన్న లైసెన్సు అది. రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి. మొదట బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టమనండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు తాళం చాలాసార్లు దానంతటదే పడి ఉంటుంది, బూట్ సెట్టింగులు మారితే ఆ కీ అడుగుతుంది. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవ్ తగ్గించి 60 జీబీ ఖాళీ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. ఆపకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, ఉబుంటులో ఆ డ్రైవ్ తెరిచినా ఏమీ సేవ్ కాదు.