కెమెరా "అతనే" అంటోంది, నేనేమనాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది భీమవరం. నాలుగేళ్లుగా న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఒక సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. కిందటేడు ఒకడు మాంసం ప్యాకెట్లు కోటులో దోపుకుని పోతుంటే అడిగానని చేతిలో బుట్ట నా మీదికి విసిరాడు. షాపుకి రావద్దని నోటీసు ఇచ్చినా మళ్లీ మూడుసార్లు వచ్చాడు. ఇప్పుడు మా స్టోర్లో ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెడుతున్నారు. పాత నేరస్తుడెవరైనా వస్తే ఫోన్‌కి ఫొటో వస్తుంది. ఇద్దరు ఉద్యోగులు చూసి "అవును" అంటేనే ముందుకెళ్తారట. ఆ ఇద్దరిలో నన్ను ఒకదాన్నిగా ఉండమన్నారు. ఒప్పుకోవాలనీ ఉంది, భయమూ వేస్తోంది. మా అత్తగారైతే "నేనేమన్నా దొంగనా, నా ముఖం ఎందుకు తీస్తారు" అని ఆ షాపుకే రానంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఆక్లాండ్

జవాబు: అమ్మాయీ, ముందు ఆ బుట్ట సంగతి. దెబ్బ తగిలిందో లేదో నువ్వు రాయలేదు. ఇరవై రెండేళ్లు హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో నిలబడి పనిచేసినదాన్ని. అలాంటిది జరిగాక ఎన్నాళ్లపాటు తలుపు తెరుచుకున్నప్పుడల్లా గుండె ఝల్లుమంటుందో నాకు తెలుసు. దొంగతనం అనగానే అందరూ పోయిన సరుకు ధర లెక్కేస్తారు. కౌంటర్లో కూర్చున్న పిల్ల భయం ఏ స్టాకు లెక్కలోకీ ఎక్కదు. అందుకే ఈ కెమెరాల మాట వినగానే వద్దనేయడం నా వల్ల కాదు.

మీ దేశంలో దీన్ని పద్ధతిగానే పరీక్షించి చూశారు. 2024 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఫుడ్‌స్టఫ్స్ నార్త్ ఐలాండ్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ 25 దుకాణాల్లో ఈ కెమెరాలు నడిపింది. జనం వ్యక్తిగత గోప్యతను కాపాడే అధికారి, ప్రైవసీ కమిషనర్ మైకేల్ వెబ్‌స్టర్ విచారణ జరిపి, 2025 జూన్‌లో నివేదిక ఇచ్చారు. జనం గోప్యతలోకి ఇది పెద్ద చొరబాటే, అయినా తీసుకున్న జాగ్రత్తల వల్ల చట్టానికి లోబడే జరిగింది అన్నారు. తీవ్రమైన గొడవలు 16 శాతం తగ్గాయని అంచనా. నీలాంటి వాళ్లకి అది చిన్న సంగతేం కాదు.

నువ్వు మాత్రం ఇంకో లెక్క గుర్తుపెట్టుకో. ఆ కొద్ది నెలల్లో కెమెరాలు స్కాన్ చేసిన ముఖాలు 22 కోట్ల 59 లక్షలకు పైనే. ఒకే మనిషి పదిసార్లు వస్తే పదిసార్లూ లెక్కే అనుకో. వాటిలో యంత్రం మోగించిన హెచ్చరికలు 1,742. సిబ్బంది చూసి "అదే మనిషి" అని ఖాయం చేసినవి 1,208. మిగిలిన 534 సార్లు ఖాయం చేయలేదు. అంటే యంత్రం పదిసార్లు పిలిస్తే అందులో మూడుసార్లు మనుషుల దగ్గర ఆగిపోయింది. నీకు ఇస్తామంటున్న పని అదే. చాలామంది "అవును" అనడానికే పెట్టారనుకుంటారు. నిన్ను పెడుతున్నది "కాదు" అనడానికి.

నేను ఆ "కాదు" అనలేకపోయిన రోజు ఒకటి ఉంది. 2008లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చూసుకునే దుకాణంలో నెయ్యి ప్యాకెట్లు పోయేవి. సీసీ కెమెరాలో ఒకామె కనిపించింది, భుజాన నల్ల సంచి. ఫొటో ప్రింటు తీసి సెక్యూరిటీ బల్ల మీద అద్దం కింద పెట్టాం. ఓ శనివారం సాయంత్రం గార్డు పరిగెత్తుకొచ్చి "మేడమ్, ఆమే" అన్నాడు. నేనూ చూసి "ఆమే" అన్నాను. ఆ రోజు నేను చూసింది ముఖం కాదు, సంచి. గార్డు ముందే అనేశాడు కాబట్టి నా కళ్లకీ అలాగే కనబడింది. బిల్లు కట్టి వెళ్తున్న మనిషిని ఆపి సంచి తెరవమన్నాం. ఆమె ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆర్టీసీ బస్ పాసు, మాత్రల సీసా, చిన్న పర్సు, పిల్లాడి టిఫిన్ డబ్బా. అడగకుండానే డబ్బా మూత కూడా తీసి చూపించింది. అడుగున పెరుగన్నం మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. వెనక ఐదారుగురు ట్రాలీలు పట్టుకుని చూస్తున్నారు. క్షమించమన్నాను. డబ్బు కట్టిన సరుకుల్ని కూడా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కాబట్టి ఫోన్‌కి ఫొటో రాగానే రెండో మనిషి ఏమన్నారో వినకముందే నీ అంతట నువ్వు చూడు. టోపీ, జుట్టు, గడ్డం, బట్టలు వదిలెయ్. అవి రోజుకోలా మారతాయి. చెవి ఆకారం, పుట్టుమచ్చలు, దెబ్బల గాట్లు, ముక్కుకీ పెదవికీ మధ్య దూరం చూడు. యంత్రం చెప్పే శాతం రెండు ఫొటోల పోలిక మాత్రమే. ఎంత శాతం పోలిక ఉంటే హెచ్చరిక మోగాలన్న హద్దును అక్కడ పరీక్ష జరుగుతుండగానే 90 నుంచి 92.5కి పెంచారు. 92.5 అంటే వీడు దొంగ అని నూటికి 92 పాళ్లు రుజువైందని కాదు. ఏ కొంచెం అనుమానమున్నా "కాదు" అని నొక్కు. ఒక దొంగ తప్పించుకుంటే పోయేది ఒక మాంసం ప్యాకెట్టు. వాడు రేపు మళ్లీ వస్తాడు, అప్పుడు చూడొచ్చు.

మీ దేశంలోనే రోటరువా అనే ఊళ్లో ఆ పరీక్ష సమయంలోనే ఒక మావోరీ (అక్కడి మూలవాసి) మహిళను పాత దొంగగా పొరబడి వెళ్లిపొమ్మన్నారు. తర్వాత సంస్థ క్షమాపణ చెప్పి, అది మనుషుల పొరపాటంది. అంటే సరిగ్గా నువ్వు కూర్చోబోయే చోట జరిగిన పొరపాటు. చర్మం రంగు సంగతీ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 2019లో 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, చాలా వాటిలో ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాలను వేరొకరిగా పొరబడడం ఎక్కువని తేలింది. మన ముఖాలున్న మనిషి ఒకరు ఆ ఫోన్ దగ్గర ఉండటం మంచిదని నా నమ్మకం.

ఒప్పుకునే ముందు మీ మేనేజర్‌ని రెండు విషయాలు సూటిగా అడుగు. ఆ జాబితాలోకి ఎవరెవర్ని ఎక్కిస్తారు? ఆ పరీక్షలో 18 ఏళ్ల లోపు వాళ్లనూ, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లనూ ఎక్కించలేదు. ఒక షాపు జాబితా ఇంకో షాపుకి ఇవ్వలేదు. నేరం చేసినవాడి ఫొటో గరిష్ఠంగా రెండేళ్లు, వాడి వెంట వచ్చినవాళ్లది మూడు నెలలు. ఆకలికి బ్రెడ్డు తీసుకున్న ముసలాయన్ని కూడా ఎక్కిస్తామంటే ఆ పని నీకు వద్దు. రెండోది, "అవును" అన్నాక ఆ మనిషి దగ్గరికి ఎవరు వెళ్తారు? నువ్వైతే కాకూడదు. ఒకసారి బుట్ట తిన్నావు, చాలు.

అమెరికాలో రైట్ ఎయిడ్ మందుల దుకాణాలు ఇవేవీ పట్టించుకోలేదు. పొరపాటు హెచ్చరికలు వేలల్లో వచ్చాయి. 11 ఏళ్ల పిల్లను ఆపి సోదా చేశారు. 2023 డిసెంబరులో వినియోగదారుల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, ఐదేళ్లపాటు ఆ కెమెరాలు వాడకుండా నిషేధం పడింది.

మీ అత్తగారి మాట తేలిగ్గా తీసేయకు. దొంగ కాని మనిషి ముఖం కూడా కెమెరా కొలుస్తుందన్నది నిజమే. జాబితాలో లేని ముఖాలను ఆ పరీక్షలో దాదాపు అన్నిటినీ ఒక్క నిమిషంలోపే చెరిపేశారని చెప్పు. 2025 నవంబరు 3 నుంచి మీ దేశంలో బయోమెట్రిక్ కోడ్, అంటే ముఖం లాంటి శరీర గుర్తుల సమాచారాన్ని ఎలా వాడాలో చెప్పే నియమావళి, అమల్లోకి వచ్చింది. షాపు ముందుగానే కనబడేలా బోర్డు పెట్టి చెప్పాలి. తన సమాచారం ఏముందో చూపించమని ఆవిడ అడగొచ్చు, కమిషనర్ కార్యాలయానికి ఫిర్యాదూ చేయొచ్చు. అన్నీ విన్నాక కూడా రానంటే బలవంతం చేయకు. ఆ వారం కూరగాయలు వేరే కొట్లో కొనండి.

ప్రశ్న: మేడమ్, తెనాలిలో మాకు చిన్న సూపర్‌మార్కెట్ ఉంది. పట్టుబడ్డ వాళ్ల ఫొటోలు ప్రింటు తీసి, "వీళ్లు దొంగలు" అని బిల్లింగ్ కౌంటర్ వెనక గోడకు అంటించాం. దొంగతనాలు తగ్గాయి. ఇందులో తప్పుందా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పుందండీ. ఈరోజు సాయంత్రానికే తీయించండి. అక్కడ ఉన్న వాళ్లకీ పిల్లలుంటారు, ఆ పిల్లలు మీ షాపుకే చాక్లెట్లకు వస్తారు. ఫొటోల్లో ఒక్కటి తప్పు మనిషిదైనా పరువు నష్టం నోటీసు మీ పేరునే వస్తుంది. సీసీ కెమెరా రికార్డు మీ దగ్గరే ఉంచుకుని, పెద్ద దొంగతనమైతే పోలీసులకివ్వండి. దొంగతనాలు తగ్గాలంటే మరో మార్గముంది. నెయ్యి, జీడిపప్పు, హెయిర్ ఆయిల్, బేబీ పౌడర్ ఉన్న ర్యాకు ఏ మూలన ఉందో చూడండి. మూలన ఉంటే దాన్ని బిల్లు వేసే అమ్మాయి కళ్లెదుటకు జరపండి. మా దుకాణంలో నెయ్యిని అలా జరిపింది పైన చెప్పిన ఆ నల్ల సంచి ఆమె వెళ్లిపోయాకే.