తెలుగు సైటుకు టైపోగ్రఫీ ఫ్రేమ్‌వర్కు పనికివస్తుందా?

కథలూ వ్యాసాలూ పెట్టే తెలుగు సైటుకు టెయిల్‌విండ్ టైపోగ్రఫీ ప్లగిన్ (వ్యాసాల అక్షరాలనూ ఎడాలనూ సర్దిపెట్టే రెడీమేడ్ కోడ్) వాడవచ్చా, లేక పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్ కోడ్ అంతా సొంతంగా రాసుకోవాలా అని అడిగారు. నిక్షేపంగా వాడండి. కాకపోతే అది ఇంగ్లిషు అక్షరానికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. మనకు కొన్నిచోట్ల కుట్లు విప్పక తప్పదు.

బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళం వేసే ఉగాది సంచికను దీనితోనే వెబ్‌లో పెడుతున్నాను. వ్యాసానికి 'ప్రోజ్' అనే క్లాసు తగిలిస్తే చాలు, పేరాల మధ్య ఎడం, జాబితాలు, పట్టికలు వాటంతట అవే కుదురుకుంటాయి. మామూలు పాఠానికి లైన్-హైట్, అంటే ఒక్కో వరుసకు దక్కే ఎత్తు, అక్షరం సైజుకు 1.75 రెట్లు ఇస్తుంది కనుక అక్కడ వత్తులకు ఇబ్బంది లేదు.

తంటా అంతా శీర్షికలతోనే. హెచ్1కు, అంటే అన్నిటికన్నా పెద్ద శీర్షికకు, లైన్-హైట్ దాదాపు 1.1. ఇంగ్లిషులో ముచ్చటగానే ఉంటుంది. తెలుగు శీర్షిక రెండో వరుసకు పాకిందంటే మాత్రం గొడవే: పైన 'రాష్ట్రం' ఉండి సరిగ్గా దాని కింద 'కీర్తి' పడితే, టవత్తూ రవత్తూ కలిసి కిందివాడి గుడిదీర్ఘం నెత్తినెక్కుతాయి. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో భాష తెలుగని చెప్పి, ఆ భాషకే వర్తించే లాంగ్ సెలెక్టరుతో శీర్షికలకు 1.4, 1.5 మధ్య పెట్టండి. మా సంచికలో కన్నడ పేజీ కూడా ఉంది. కన్నడ ఒత్తులదీ ఇదే వరస కాబట్టి దానికీ అదే నియమం పెట్టాను.

ప్లగిన్ వరుస వెడల్పు 65 సీహెచ్ అంటుంది. సీహెచ్ అంటే సున్నా అంకె వెడల్పు. తెలుగులో పదాలు కాస్త తక్కువ పడతాయి, అంతే. ఫోనులో ఆ తేడా కూడా తెలియదు.

ప్లగిన్ ఉల్లేఖనాలను ఇటాలిక్ (పక్కకు వంగిన అక్షరాలు) చేయడం మాత్రం నాకు అసలు గిట్టదు. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండటమే అరుదు. అది లేనప్పుడు బ్రౌజరే అక్షరాలను పక్కకు వంచేస్తుంది. చక్కటి కందపద్యం గాలికి ఒరిగిన చేనులా కనిపిస్తే ఎవరు చదువుతారు? ఫాంట్-స్టైల్ నార్మల్ అని రాసి ఆ వంపు తీసేయండి.

మీ ఫాంటు ఏదో చెప్పలేదు. మండలి లాంటి ఒకే మందం ఉన్న ఫాంటయితే, హెచ్1కు ప్లగిన్ అడిగే 800 మందాన్ని బ్రౌజరు కృత్రిమంగా పులుముతుంది. 'ఖ', 'ఘ'ల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. శీర్షికల వరకైనా నోటో సెరిఫ్ తెలుగు పెట్టుకోండి, అందులో 100 నుంచి 900 దాకా అన్ని మందాలూ ఉన్నాయి.